గింజల పొట్లాల్లో మా తరగతి

సారీ-బెల్,
1997 జనవరి 19

ప్రియమైన సాబిరా ఎజేకి,

మీ పదకొండో తరగతి బురుల్ రాసే ఉత్తరం. "మీ" అన్నానని కోప్పడకండి. అక్టోబరులో మీరు వెళ్లిపోయాక మేం ఎవరి తరగతో ఇంకా తేలలేదు గనుక పాత అలవాటే సాగిస్తున్నాను. మీ చిరునామా పోస్టు తెచ్చే ఆవిడ దగ్గర సంపాదించాను. ఊరికే ఇవ్వలేదు. మా అమ్మ ఎండబెట్టిన పెరుగుండలు రెండు గుప్పిళ్లు పుచ్చుకుని గాని నోరు విప్పలేదు.

ఇప్పుడు మాకు క్లాసు టీచరు ఒస్మోన్ అగాయ్. ఎజే అనే అక్కయ్య స్థానంలో అగాయ్ అనే అన్నయ్య వచ్చారన్నమాట. ఫిజిక్స్‌తో పాటు సాహిత్యమూ ఆయనే చెబుతున్నారు. మొన్న ఒక పద్యం చదివించారు. అందులో వీరుడు గుర్రం మీంచి లోయలో పడతాడు. "ఎంత ఎత్తు నుంచి పడ్డాడు, నేల తాకేసరికి వేగం ఎంత, చెప్పండి" అన్నారు. నేను నవ్వాను. ఉన్నది ఎనిమిది మందిమే కాబట్టి ఎవరు నవ్వారో ఆయన వెతుక్కోనక్కర్లేకపోయింది.

"బురుల్, నీకు సాహిత్యం బాగా తెలిసినట్టుందే. అయితే మే నెలలో చివరి గంట రోజున, మీరు బడి వదిలే వేడుకలో, చదవాల్సింది నువ్వే రాయి. మేం ఎలా ఉండేవాళ్లం, రేపు ఏమవుతాం. పది నిమిషాలు. తల్లిదండ్రులు ఏడవాలి. మరీ ఎక్కువ వద్దు" అన్నారు.

మూడు వారాలైంది. ఇంతవరకు రాసింది ఒకే వాక్యం: "కాలం నదిలా పరుగెడుతుంది." మా నానమ్మకు చదివి వినిపించాను. "మన ఏరు ఇప్పుడు గడ్డకట్టి ఉంది కదే" అంది. కొట్టేశాను. ఇప్పుడు అది కూడా లేదు.

అసలు సంగతికి వస్తాను. అయిదో తరగతిలో మీరు మా చేత "ఇరవై ఏళ్ల తర్వాత నేను" అని రాయించారు. పద్నాలుగు మందిమి రాశాం. మీరు అన్నీ చదివి, ఎర్ర రిబ్బనుతో కట్టి, "బడి వదిలే రోజున తిరిగిస్తాను" అని బీరువాలో పెట్టారు. ఆ బీరువా తెరిచి చూశాను. ఒక గాజు గొట్టం, ఒక చచ్చిన తేనెటీగ ఉన్నాయి. ఆ కట్ట మీ దగ్గరుంటే పంపండి. మేం ఏమవుతామో సగం అందులో దొరుకుతుంది. మిగతా సగం నేను అల్లుతాను. అల్లడంలో నాకున్న పేరు మీకు తెలుసు.

మీరు విద్యాశాఖలో చేరారని ఒస్మోన్ అగాయ్ అంటున్నారు. పుస్తకాలు అచ్చువేసే చోట ఉన్నారని మా తొక్తోసున్ అంటున్నాడు. నేనేమీ అనడం లేదు. అడుగుతున్నానంతే.

మీ (ఇంకా మీ) బురుల్


బిష్కెక్,
1997 ఫిబ్రవరి 6

బురుల్‌కు,

ఉత్తరం అందింది. మూడు తప్పులున్నాయి. ఎర్ర సిరా దొరక్క ఆకుపచ్చ సిరాతో సున్నాలు చుట్టి నీ ఉత్తరాన్ని ఇందులోనే వెనక్కి పంపుతున్నాను. సరిదిద్దుకో. ఇలా చేయడం మర్యాద కాదని తెలుసు. చేయి ఆగలేదు.

నేను బాగానే ఉన్నాను. జనంతో పని. పొద్దున్నుంచి నిలబడి మాట్లాడుతూనే ఉంటాను. ఒకే సంగతి ఇరవైసార్లు చెప్పినా కొందరు ఇరవై ఒకటోసారి అడుగుతారు. మీ దగ్గర సంపాదించిన అనుభవం బాగా అక్కరకొస్తోంది. గాలీ వెలుతురూ పుష్కలంగా ఉండే చోటు. ఇంతకు మించి వివరాలు నీ రాతకు అక్కర్లేదు.

ఆ కాగితాల కట్ట సామానులో ఎక్కడో ఉండాలి. తీరిక చూసుకుని వెతుకుతాను.

ఇక నీ రాత విషయం. నది కొట్టేశావు, మంచిదే. పక్షులు గూడు విడిచి ఎగిరిపోవడం కూడా రాయకు. ఏటా రాస్తారు, ఏటా తల్లులు ఆ చోటే ముక్కు తుడుచుకుంటారు, ఇంటికెళ్లాక ఒక్క ముక్క గుర్తుండదు. జరిగిందే రాయి. ఏమవుతారో తెలియకపోతే ఒక్కొక్కర్నీ వెళ్లి అడుగు. అబద్ధం రాయకు. అబద్ధం చదివేటప్పుడు నీ చెవులు ఎర్రబడతాయి, వెనక బెంచీ దాకా కనపడుతుంది.

ఒస్మోన్ అగాయ్‌ని చూసి నవ్వొద్దు. ఆయన తనది కాని పని చేస్తున్నాడు. అది ఎంత కష్టమో నీకు ఇప్పుడే తెలియదు.

సాబిరా


సారీ-బెల్,
1997 మార్చి 9

ప్రియమైన సాబిరా ఎజేకి,

తప్పులు సరిదిద్దుకున్నాను. నిన్న మహిళా దినోత్సవానికి మా మగపిల్లలు ఆడపిల్లలకు తలా ఒక సబ్బు ఇచ్చారు. "వాడండి" అని తొక్తోసున్ మరీ మరీ చెప్పాడు.

మీరన్నట్టే ఒక్కొక్కర్నీ అడిగాను. ముందు లేనివాళ్ల లెక్క తేల్చాను. పద్నాలుగు మందిలో ఒకామెకు పెళ్లయింది. ఇద్దరు మందల వెంట కొండమీదికి పోయారు. ముగ్గురు ఇంటిల్లిపాదితో రష్యా వెళ్లిపోయారు. మిగిలిన ఎనిమిది మందిని చూస్తే ఎంచి మిగిల్చినట్టుండదు, ఏరగా మిగిలినట్టుంటుంది.

తొక్తోసున్‌ని అడిగాను. "ఏమవుతావురా?"

"సరిహద్దులో సరుకు తనిఖీ చేసే ఆఫీసర్ని."

"అయిదో తరగతిలో వ్యోమగామిని అవుతానన్నావు కదా."

"వ్యోమగాములు ఏం తింటారో తెలుసా నీకు? గొట్టంలోంచి పిండుకుంటారు. తనిఖీవాళ్లను చూడు, ఒక్కడికైనా మెడ కనపడుతుందా?"

జానిల్‌ని అడిగితే "మా అమ్మనడుగు" అంది. వాళ్ల అమ్మనడిగితే "ముందు ఆవు పాలు పితికి రమ్మను, తర్వాత చూద్దాం" అంది. కవలలిద్దరూ లారీ కొంటారట. ఇద్దరికీ కలిపి ఒకటే. ఎవరు నడపాలో నా ముందే కొట్టుకున్నారు. ఆఖరికి తొక్తోసున్ నన్ను అడిగాడు, "నువ్వేమవుతావే?" అని. అడిగేవాళ్లు జవాబు చెప్పక్కర్లేదన్నాను. అధికారం ఎంత సుఖమో అప్పుడు తెలిసింది.

జరిగినవి కూడా రాసుకున్నాను. ఆరో తరగతిలో దేశం మారినప్పుడు గోడమీద పాత నాయకుడి పటం దించేశారు, గుర్తుందా? కొత్తగా ఎవరి పటం పెట్టాలో పెద్దవాళ్లకే తెలియక ఉత్త మేకు మిగిలింది. దానికి తొక్తోసున్ టోపీ తగిలించాడు. తనిఖీకి వచ్చిన అధికారి ఆ టోపీ కింద నిలబడి గంటసేపు మాట్లాడి వెళ్లాడు. ఇది రాయొచ్చా?

ఇంకొకటి. ఎలా రాయాలో తెలియక చివరికి పెట్టాను. జానిల్ వాళ్ల అమ్మ పోయిన వారం బిష్కెక్ నుంచి వచ్చింది. ఊరి చివర, సరుకు రవాణా చేసే పెద్ద ఇనుప డబ్బాలనే కొట్లుగా పెట్టుకున్న బజారులో మిమ్మల్ని చూసిందట. రెండు కోట్లు ఒకదాని మీద ఒకటి తొడుక్కుని బూట్లు అమ్ముతున్నారట. తనను చూసి చూడనట్టు తిరిగిపోయారట. నేను జానిల్‌తో "మీ అమ్మకు కళ్లద్దాలు కావాలి" అన్నాను. ఆ మాట కాస్తా జుట్టు దాకా వెళ్లింది. నేనే ఓడిపోయాను. చెవి దగ్గర ఇంకా మంటగా ఉంది.

వాళ్ల అమ్మకు నిజంగా కళ్లద్దాలు కావాలా, ఎజే?

బురుల్


బిష్కెక్,
1997 మార్చి 20

బురుల్,

జానిల్ తల్లికి కళ్లు బాగున్నాయి. ఆమెను దూరం నుంచే చూశాను. చూసి, డబ్బాలోకి వంగి, మా దగ్గర ఎప్పుడూ లేని సైజు కోసం పావుగంట వెతికాను. నడుము పట్టేసింది. దేవుడి లెక్కలు ఒక్కోసారి అప్పటికప్పుడే తీరిపోతాయి. నీ చెవికి పచ్చి బంగాళాదుంప ముక్క రుద్దు.

ఎలా మొదలైందో చెబుతాను. సెప్టెంబరు జీతానికి బదులు మాకు సరుకు ఇచ్చారు గుర్తుందా? ఒస్మోన్ అగాయ్ వంతుకు చక్కెర వచ్చింది. నా వంతుకు రబ్బరు జోళ్లు వచ్చాయి, ఇరవై జతలు, అన్నీ నలభై మూడో సైజు. మన ఊళ్లో అంత పాదం ఉన్నవాడు ఒక్క ఒస్మోన్ అగాయ్. ఆయనకు ఒక జత ఇచ్చి చక్కెర తీసుకున్నాను. మిగిలినవి సంచీలో వేసుకుని బిష్కెక్ వచ్చాను. రెండు రోజుల్లో అమ్మేసి వెనక్కి వెళ్దామని ఒక పక్క అనుకుంటూనే, బీరువా మాత్రం ఖాళీ చేసుకుని వచ్చాను. మధ్యాహ్నానికల్లా అమ్ముడుపోయాయి. పదిహేడేళ్లుగా నేను చెప్పింది విని చేయి చాపినవాళ్లు లేరు. ఆ రోజు పందొమ్మిది మంది చాపారు. పక్క డబ్బా యజమాని చూసి, "నీ నోరు బాగుంది అక్కా, నా బూట్లు కూడా అమ్మిపెట్టు" అన్నాడు. నన్ను అంతగా మెచ్చుకున్న అధికారి ఇంతవరకు లేడు. ఉండిపోయాను.

ఇప్పుడు నీ కాగితాల సంగతి. సామానులో ఎక్కడో ఉన్నాయని రాశాను. అది అబద్ధం. నా చెవులు ఎర్రబడ్డాయి గాని ఉత్తరంలో కనపడవు కదా.

నా పక్కన రాహిమా అనే ఆవిడ పొద్దుతిరుగుడు గింజలు అమ్ముతుంది. జనవరిలో ఒక గాలి రోజున పొట్లాలకు కాగితం అయిపోయి నన్ను అడిగింది. ఆ కట్ట నా సంచీలోనే ఉంది. రిబ్బను విప్పి ఇచ్చేశాను. ఎవరూ ఎత్తుకుపోలేదు, తడవలేదు, కాలలేదు. నేనే ఇచ్చాను.

పది రోజులకు నీ ఉత్తరం వచ్చింది. చదివి రాహిమా దగ్గరకు పరుగెత్తాను. చాలా మటుకు పోయాయి. అప్పుడే ఒక లావుపాటి ఆయన గింజలు ఒలుచుకుంటూ వచ్చి నా దగ్గర బూటు తొడిగి చూసుకుంటున్నాడు. చేతిలో పొట్లం మీద తొక్తోసున్ రాత. "చంద్రుడి మీద దిగగానే అమ్మకు ఫోను చేస్తాను" అని కనపడుతోంది.

"అన్నా, ఆ పొట్లం ఇస్తారా?" అన్నాను.

"గింజలు కావాలంటే కొనుక్కో" అన్నాడు.

"గింజలు వద్దు, కాగితం చాలు."

నన్ను కింద నుంచి పైకి చూసి బూటు విప్పేసి వెళ్లిపోయాడు. వెంటబడ్డాను. రెండు వరుసల అవతల ఆయన పొట్లం ఖాళీ చేసి పారేసిందాకా ఆగి ఏరుకున్నాను. తర్వాత రాహిమా దగ్గర ఉన్న పొట్లాలన్నీ కొన్నాను. మూడు రోజులు మీ తరగతిని గింజలుగా ఒలుచుకుని తిన్నాను. నాలుక పగిలింది. చేతికి చిక్కినవి నాలుగు. ఇందులో పెడుతున్నాను. తొక్తోసున్‌ది సగమే ఉంది. జానిల్‌ది మొత్తం ఉంది, నూనె మరకతో. కవలలవి రెండూ దొరికాయి. ఇద్దరూ ఒకరిదొకరు చూసి రాశారు కాబట్టి ఒకటి దొరికినా సరిపోయేది.

టోపీ సంగతి రాయి. తప్పక రాయి.

సాబిరా


సారీ-బెల్,
1997 ఏప్రిల్ 3

గౌరవనీయులైన సాబిరా గారికి,

నాలుగు కాగితాలు అందాయి. ఎవరివి వారికిచ్చాను.

మీరు బూట్లు అమ్ముతున్నందుకు నాకు కోపం లేదు. మా నాన్న ట్రాక్టరు డ్రైవరు. ట్రాక్టరు లేదు కాబట్టి ఇప్పుడు డ్రైవరు మాత్రమే. ఎవరు ఏం అమ్మినా మా ఇంట్లో నవ్వేవాళ్లు లేరు.

అక్టోబరు పద్నాలుగున మొదటి పీరియడ్ మీదే. మేం కూర్చుని ఉన్నాం. పొయ్యి వెలిగించడం నా వంతు, వెలిగించాను. నలభై అయిదు నిమిషాలు కూర్చున్నాం. మీరు లేరు కదా అని తొక్తోసున్ కూడా గోల చేయలేదు. గంట కొట్టాక ఒస్మోన్ అగాయ్ వచ్చి మీరు వెళ్లిపోయారని చెప్పారు. మీరు అంతకు ముందు రోజు కూడా ఊళ్లోనే ఉన్నారు. ఒక్క మాట చెప్పి ఉండొచ్చు.

మీ ఉత్తరం చదివి రెండుచోట్ల నవ్వాను. నవ్వినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. మీరు అన్నీ నవ్వేలా రాస్తారు. నేనూ అంతే. అది మీ దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పుడు నవ్వకుండా ఒకటి రాస్తాను. నేర్చుకున్నానో లేదో చూడండి.

మీ బజారులో మా మేనత్తకు చోటుంది. దుప్పట్లు అమ్ముతుంది. బడి పరీక్షలవగానే నన్ను తీసుకుపోతుంది. నాన్న సరేనన్నాడు. చలికాలంలోనే నిర్ణయమైంది. మొదటి రెండు ఉత్తరాల్లో ఈ సంగతి నేను రాయలేదు. అందరి భవిష్యత్తూ రాస్తూ నా పేరు ఎదుట ఖాళీ వదిలేశాను. అక్కడ "దుప్పట్లు" అని రాస్తే సరిపోతుంది, పది నిమిషాల్లో ఒక నిమిషం కూడా పట్టదు.

నా కాగితం దొరకలేదన్న మాట. అందులో ఏముందో మీరు మర్చిపోయి ఉంటారు. నేను మర్చిపోలేదు.

బి. అసనోవా


బిష్కెక్,
1997 ఏప్రిల్ 17

బురుల్,

మర్చిపోలేదు. "ఇరవై ఏళ్ల తర్వాత నేను సాబిరా ఎజే అవుతాను. ఆమె అప్పటికి ముసలిది అవుతుంది కాబట్టి కుర్చీ ఖాళీగా ఉంటుంది." "ముసలిది" కింద గీత గీసి "వృద్ధురాలు" అని దిద్దాను. ఎర్ర సిరాతో.

రాహిమా కాగితం అడిగినప్పుడు నేను మొదట తీసి ఇచ్చింది అదే. కట్టలో వెతికి మరీ తీశాను. పొద్దున్నే డబ్బా తలుపు తీసి బూట్లు వరుసగా పేర్చేటప్పుడు సంచీలో ఆ కాగితం ఉందని తెలుస్తూ ఉండేది. ఒక పదకొండేళ్ల పిల్ల నేనవుతానని రాసింది. నేనేమో ఇదయ్యాను. అది పోతే హాయిగా ఉంటుందనుకున్నాను. అది పోయాక తక్కినవి ఉంచుకోవడం అన్యాయమనిపించి అన్నీ ఇచ్చేశాను. హాయిగా లేదు.

పద్నాలుగో తేదీ సంగతి. నేను వచ్చాను. తరగతి తలుపు దాకా వచ్చాను. లోపల నువ్వు పొయ్యి దగ్గర చీదుతున్నావు. "వ్యాకరణం ఎవరైనా రాశారా?" అని తొక్తోసున్ అడిగాడు. ఎవరూ రాయలేదని తెలిసింది. లోపలికొస్తే తిట్టాలి. తిట్టి వెళ్లిపోతే బాగుండదు, తిట్టకపోతే మీకు అనుమానం వస్తుంది. పదిహేడేళ్ల అనుభవంతో ఎటూ తేల్చుకోలేక బస్సెక్కాను. ఇది సాకు కాదు. పిరికితనానికి ఉన్న పేర్లలో ఇది కాస్త పొడుగైనది, అంతే.

ఇప్పుడు పని మాట. ఇక్కడి ఉపాధ్యాయ కళాశాల ప్రవేశ పరీక్షలు జూలై పదిహేను నుంచి. వెళ్లి కనుక్కుని, దరఖాస్తు కాగితం తెచ్చి ఇందులో పెట్టాను. నా గదిలో ఉండొచ్చు. మంచం ఒకటే. నువ్వు కింద పడుకుంటావు, ఎందుకంటే నేను టీచర్ని. మీ నాన్నకు నేను రాయను. నువ్వే చెప్పాలి. అత్త దుప్పట్లు చెడ్డవని కాదు. బజారుకు ఎప్పుడైనా రావచ్చు, వయసు పరిమితి లేదు, పరీక్ష లేదు. నేనే సాక్ష్యం.

మీ చివరి గంటకు రాలేను. మే ఇరవై అయిదు ఆదివారం, యజమాని వదలడు. వదిలినా వస్తానో లేదో తెలియదు. మీ ఎదుట ఏ ముఖం పెట్టుకుని నిలబడాలో ఇంకా తేల్చుకోలేదు.

ఉత్తరంలో తప్పులు లేవు. ఒక్కటి కూడా. కోపంలో నీ వ్యాకరణం బాగుంటుంది.

సాబిరా


సారీ-బెల్,
1997 మే 28

ప్రియమైన సాబిరా ఎజేకి,

అయిపోయింది. నాకు నేనే నివేదిక రాసుకుంటున్నట్టుంది, ఓపిక పట్టండి.

మైకు మొదటి నిమిషంలోనే చచ్చిపోయింది. ఒస్మోన్ అగాయ్ మూత విప్పి, తీగ కలిపి, పద్నాలుగు నిమిషాలు చేత్తో పట్టుకునే నిలబడ్డారు. వదిలితే ఆగిపోతుందట. కాబట్టి నేను చదివినంతసేపూ ఆయన నా గడ్డం కింద చేయి పెట్టి, నిశ్చితార్థంలో నిలబడ్డట్టు నిలబడ్డారు.

టోపీ సంగతి చదివాను. జనం బాగా నవ్వారు. పొయ్యికి బొగ్గు లేక లెక్కల పుస్తకాలు కాల్చిన చలికాలం చదివాను. ప్రధానోపాధ్యాయుడు నవ్వలేదు. వెళ్లిపోయిన ఆరుగురి పేర్లూ చదివాను. రష్యా వెళ్లినవాళ్ల నానమ్మ ఒకామె ముందు వరసలో లేచి నిలబడి, "ఇక్కడ" అని మనవరాలి బదులు హాజరు పలికింది. తర్వాత మీ పేరు చదివాను. "మా సాబిరా ఎజే బిష్కెక్‌లో బూట్లు అమ్ముతున్నారు. ఆమె మాకు ప్రతిదీ రెండుసార్లు చెప్పేవారు. ఒకసారి మామూలుగా, ఒకసారి అర్థమయ్యేలా." ఇంతకంటే రాలేదు. తల్లిదండ్రులు ఏడవలేదు. ఒస్మోన్ అగాయ్ కళ్లు తుడుచుకోవాలంటే మైకు వదలాలి, వదల్లేదు. అందువల్ల అందరికీ కనపడింది.

కాగితాలు మడిచి కూర్చోబోతున్నాను. ఆయన మైకు ఇంకా నా ముందే ఉంచి, "నీది చదవలేదేం?" అన్నారు.

"రాయలేదు అగాయ్."

"రాయకపోతే చెప్పు."

మూడో వరసలో నాన్న ఉన్నాడు. పెళ్లిళ్లకు పెట్టుకునే తెల్ల ఉన్ని టోపీ పెట్టుకుని వచ్చాడు. నేను "సాహిత్యం టీచర్ని" అన్నాను. మైకులో మూడింతలై వినిపించింది. ఎవరో నవ్వారు. తొక్తోసున్ అనుకుంటాను. నాకూ నవ్వొచ్చింది. కొందరు చప్పట్లు కొట్టారు. నాన్న కొట్టలేదు.

ఇంటికి వెళ్లేటప్పుడు నాన్న నాకంటే ముందు నడిచాడు. వంతెన మీద ఆగాడు.

"ఈ కాలంలో టీచర్లంతా బజారుకు పోతుంటే, నువ్వు బజారుకు పోవాల్సినదానివి బడికి పోతానంటున్నావు. దారిలో ఎదురుపడతారు జాగ్రత్త."

"ఇప్పటికే ఎదురుపడ్డాం నాన్నా. ఉత్తరాల్లో."

"ఎక్కడ ఉంటావు?"

"ఎజే గదిలో. కింద పడుకోవాలట."

కాస్త నడిచాడు. "పరీక్ష ఒక్కసారే రాస్తావు. సీటు రాకపోతే అత్త దగ్గరికి. మళ్లీ ఏడాది రాస్తానంటే కుదరదు. మైకులో చెప్పావు కాబట్టి ఒప్పుకుంటున్నాను. ఇంట్లో అడిగి ఉంటే ఒప్పుకునేవాణ్ణి కాదు."

అత్త కోపంతో ఉంది. కాని చదువుకోవడానికి వెళ్తున్నానని ఒక దుప్పటి ఇచ్చింది. కింద పరుచుకోవడానికి.

మీ బురుల్


బిష్కెక్,
1997 ఆగస్టు 1

బురుల్,

నువ్వు వెళ్లిపోయాక గది పెద్దదైనట్టుంది. పరీక్షలకని వచ్చి రెండు వారాలు నా పక్కన నిద్రలో వ్యాకరణం అప్పజెప్పావు. అందులో సగం తప్పులు. లేపి దిద్దుదామనిపించింది, ఊరుకున్నాను.

నిన్న జాబితా అంటించారు. యజమానితో తలనొప్పి అని చెప్పి వెళ్లాను. గోడ దగ్గర తొక్కిసలాట. తల్లులు, మేనమామలు, ఎక్కడివాళ్లో. ముందుకు తోసుకుపోయాను. బజారులో నేర్చిన మోచేతులు ఊరికే పోలేదు.

తిప్పి రాయను. రెగ్యులర్ జాబితాలో నీ పేరు లేదు. మొదట చూపుతో చదివాను, తర్వాత వేలు పెట్టి చదివాను, మూడోసారి కింది నుంచి పైకి చదివాను. లేదు. దూరవిద్య జాబితా పక్క గోడకు ఉంది. అందులో కింది నుంచి రెండో పేరు నీది. అసనోవా బురుల్. ఏడాదికి రెండుసార్లు వచ్చి పరీక్షలు రాసి పోవాలి, మిగతా కాలం ఇంటి దగ్గరే. మీ నాన్న పెట్టిన షరతులో దీని మాట లేదు. రాకపోతే అన్నాడు. వచ్చింది. ఎంత దూరం నుంచి వచ్చిందన్నది ఆయన అడగలేదు. ఈ వాదన నీకు ఉచితంగా ఇస్తున్నాను.

కాగితాలు తీసుకోవడానికి లోపలికి వెళ్లాను. బల్ల దగ్గర ఉన్న అమ్మాయి తల ఎత్తకుండా, "తల్లా?" అంది.

"కాదు, టీచర్ని."

"ఏ బడి?"

నోట్లోంచి సారీ-బెల్ అని వచ్చింది. ఆమె రాసేసుకుంది. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చున్నాను. అబద్ధమా, పాత నిజమా అని కాసేపు ఆలోచించాను. తేలలేదు. యజమాని గుర్తొచ్చి లేచాను. వెళ్లేసరికి నా మోచేతులు చూసి, "తలనొప్పి కాదు, కొట్లాట" అన్నాడు.

నేను వెనక్కి రావడం లేదు. నువ్వు అడగలేదు గాని అడుగుతావని చెబుతున్నాను. చలికాలానికి యజమాని నన్ను వాటాదారుగా తీసుకుంటానన్నాడు. పిల్లల బూట్లు తెప్పించమని నేను పోరుతున్నాను. పిల్లల్ని చూసి సైజు చెప్పడంలో నాకు అనుభవముంది.

సాబిరా


సారీ-బెల్,
1997 సెప్టెంబరు 2

ప్రియమైన సాబిరా ఎజేకి,

మీ వాదన నాన్న దగ్గర పని చేయలేదు. "దూరవిద్య అంటే దూరంగా ఉండే విద్య, నీకు ఇంకా అందలేదు" అన్నాడు. నన్ను గట్టెక్కించింది ఒస్మోన్ అగాయ్. ఆగస్టు చివర సాయంత్రం టీ వేళకు ఇంటికొచ్చారు. మూడు గిన్నెల టీ తాగి, రొట్టె తిని, వాతావరణం మాట్లాడి, అప్పుడు చెప్పారు: "సాహిత్యం చెప్పేవాళ్లు దొరకలేదు. నేను ఇంకో ఏడాది చెబితే ఈ ఊళ్లో పద్యం అంటేనే పిల్లలు పారిపోతారు. మీ అమ్మాయికి అయిదో తరగతి ఇప్పిస్తాను. చదువుతూ చెబుతుంది."

"దానికి పదిహేడేళ్లు" అన్నాడు నాన్న.

"పెరుగుతుంది."

"జీతం ఎలా ఇస్తారు?"

ఒస్మోన్ అగాయ్ టీ గిన్నెలోకి చూసి, "ఏదో ఒకటి ఇస్తారు" అన్నారు. నాన్న నవ్వాడు. నవ్వినవాడు కాదనలేకపోయాడు.

తొక్తోసున్ సరిహద్దు దగ్గర బరువులు దించే పనిలో చేరాడు. ఆఫీసర్లను దగ్గర నుంచి చూస్తున్నానని కబురు పెట్టాడు. జానిల్ నర్సుల బడిలో చేరింది. వెళ్లే ముందు నా చెవి చూసి, మచ్చ పడలేదని తేల్చింది. తన మొదటి రోగిని నేనే అట.

ఈరోజు నా మొదటి పాఠం. అమ్మ కోటు తొడుక్కున్నాను, భుజాలు నావి కావు. ఏం చెప్పాలో నాలుగు పేజీలు రాసుకున్నాను, తలుపు దగ్గరే అన్నీ కలగలిసిపోయాయి. అయిదో తరగతిలో పందొమ్మిది మంది. మాకంటే అయిదుగురు ఎక్కువ. లోపల గోల గోలగా ఉంది. ఒకడు బల్లమీద నిలబడి ఉన్నాడు. నేను అడుగు పెట్టాను.

అందరూ ఒక్కసారి లేచి నిలబడ్డారు. గోల ఆగిపోయింది. ఎవరొచ్చారా అని నేను వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. నేను వేయడం మర్చిపోయిన తలుపు ఉంది.

తలుపు వేసి వచ్చి "కూర్చోండి" అన్నాను. మొదటిసారి ఎవరికీ వినపడలేదు. రెండోసారి అన్నాను. కూర్చున్నారు.

బురుల్